కాణిపాకం దాకా వెళ్ళిన నాలుగు చక్రాలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది? ఎట్లా పరిష్కరించినారు?" అని అడుగుతారు. పరిష్కరించినవి చెప్పుకోవడానికి రిటైరైన ప్రతివాడి దగ్గరా ఓ పది ఉంటాయి. వాటిలో ఎనిమిది పక్కవాడు పరిష్కరించినవే అయ్యుంటాయి. అందుకని నేను నా తప్పు ఒకటి చెబుతాను. అది నా సొంతం, అందులో ఎవరికీ వాటా లేదు.

తిరుపతి పక్కన పారిశ్రామికవాడలో అల్యూమినియం చక్రాలు పోతపోసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. చివరి పదకొండేళ్ళూ తనిఖీ విభాగానికి పెద్దను. మావి కారుతో పాటు వచ్చే చక్రాలు కావు. కారు కొన్నాక, ఉన్న చక్రాలు నిక్షేపంగా ఉన్నా మనసు ఊరుకోక మార్చుకుంటారు చూడండి, ఆ అలాయ్ చక్రాలు. చూడ్డానికి తళతళా మెరవాలి, మోయడానికి మాత్రం మోటుగా ఉండాలి. ఈ రెండూ ఒకచోట కుదిరాయా లేదా అని చూడటమే నా జీతం.

మా పనిలో ముఖ్యమైన గది ఎక్స్‌రే గది. ప్రతి చక్రాన్నీ అందులో తిప్పుతూ తెర మీద చూస్తాం. పోత పోసేటప్పుడు లోపల ఎక్కడైనా గాలిబుడగ మిగిలిపోతే తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. చిన్న మచ్చ అయితే ఫరవాలేదు. ఎంత దాకా ఫరవాలేదో చూపించే పటం గోడకు తగిలించి ఉంటుంది. అది దాటితే చక్రం మళ్ళీ కొలిమిలోకి పోవలసిందే. దాటనివాటిని నాలుగేసి చొప్పున పెట్టెలో పెట్టి, "తనిఖీ చేయబడినవి" అన్న కార్డు ఒకటి లోపల పడేస్తారు. ఆ కార్డు మీద ఉండేది నా సంతకం. రోజుకు పదిహేనో ఇరవయ్యో కార్డులు, టీ తాగుతూ పెట్టేవాణ్ణి.

రిటైర్మెంట్ ఇంకా మూడు నెలలుందనగా ఒకరోజు మేనేజరు పిలిచాడు. చిత్తూరు నుంచి ఫిర్యాదు వచ్చిందట. మన చక్రాలు వేయించుకున్న స్పోర్ట్స్ కారు ఊగిపోతోందట. "నువ్వు పోయి నాలుగు పెద్దమాటలు చెప్పి రా. నీ తల నెరిసింది కదా, వింటారు" అన్నాడు.

చిత్తూరులో మా చక్రాలు అమ్మే డీలరుకు బెంగుళూరు రోడ్డు పక్కన కొట్టు. తండ్రి కాలం నుంచీ టైర్ల పనే. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, లారీ డ్రైవర్లతో అరవం మాట్లాడతాడు. మూడింటిలోనూ అబద్ధం చెప్పడం రాని మనిషి. కొట్టు ముందర ఎర్రటి కారు నిలబెట్టి ఉంది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఇలాంటి కారు గలవాడు నల్లద్దాలు పెట్టుకున్న పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడనుకుని, ఎట్లా మాట్లాడాలో బస్సులోనే తయారు చేసుకుని వెళ్ళాను. తలుపు తెరుచుకుంది. నూలుచీర కొంగు నడుముకు దోపుకుని, యాభై ఐదేళ్ళ ఆడమనిషి బయటికి దిగింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని. పదమూడేళ్ళకే నాయన ట్రాక్టరు తోలిందని తర్వాత తెలిసింది. నేను తయారు చేసుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

ఆమె చేతిలో మా పెట్టెలోని కార్డు ఉంది.

"ఏమప్పా, ఈ సంతకం నీదేనా?"

"నాదేనమ్మా."

"ఎనబై దాటితే సాలు, స్టీరింగు గడగడా ఒణుకుతాది. పండ్లు టకటకా కొట్టుకుంటాయి. మీ సక్రాలు మంచివి కావు."

నేను మొదలుపెట్టాను. బరువు పరీక్ష, దెబ్బ పరీక్ష, ఎక్స్‌రే, ఒక్కోదానికీ ఒక్కో కాగితం తీసి చూపించాను. ఆమె రెండో కాగితానికే ఆవులించింది.

"కాగితాలు నాకు సూపించొద్దప్పా. గుజ్జు డబ్బాల మింద నేనూ అంటిస్తా కాగితాలు. వాటి సంగతి నాకు తెలీదా?"

"మరి ఏం చేయమంటారు?"

"ఈడ్నుంచి కాణిపాకం ఎంత, పావుగంట. తలకు పోసుకొని రా. ఆ సామి ముందర నిలబడి సెప్పు. ఈ నాలుగు సక్రాలూ నా కండ్లతో సూసినా, నాలుగూ మంచివే అని. నేను నోరు మూసుకొని ఇంటికి పోతా."

మా జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ మాట బరువు నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. గట్టు తగాదా కానీ, అన్నదమ్ముల పంపకం కానీ, పెద్దమనుషుల దగ్గర తెగకపోతే మావాళ్ళు "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. అంతవరకూ మీద మీదికొచ్చి అరిచినవాడు ఆ మాటకు గొంతు తగ్గిస్తాడు. ఆ వినాయకుడి ముందు అబద్ధమాడి బాగుపడినవాణ్ణి మా తాతల కాలం నుంచీ ఎవరూ చూడలేదు. పోలీసు స్టేషనుకు భయపడనివాడు కూడా ఆ గడప దగ్గర తడబడతాడు.

నేను మాత్రం కొట్లో నలుగురూ చూస్తుండగా, "ఓ, దానికేముందమ్మా! గురువారం పొద్దున్నే చేసేస్తా" అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు ఆ మాట అనిపించింది. చక్రాలు నాతో తీసుకుపోయి మరోసారి చూసి, ఆరోజుకు తెస్తానని చెప్పాను. ఆమె సరేనని, కారు అక్కడే వదిలి తన జీపులో వెళ్ళిపోయింది.

డీలరు కారును పైకి లేపి చక్రాలు విప్పసాగాడు. రెండో చక్రం విప్పగానే ఇద్దరం ఆగిపోయాం. చక్రం వెళ్ళి ఆనుకునే గుండ్రటి ఇనుప ముఖం ఒకటి ఉంటుంది, హబ్ అంటాం. అది అద్దంలా శుభ్రంగా ఉండాలి. దాని మీద ఇసుకంత అడ్డం ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది, వేగం పెరిగేకొద్దీ ఊగుతుంది. ఇక్కడ ఆ ముఖం మీద పసుపు ముద్ద ఎండి అట్ట కట్టి ఉంది. దాని మీద కుంకుమ, ఆ అట్టలో అతుక్కుని అక్షింతలు కూడా.

"ఇదేంది?" అన్నాను.

"అక్క పెట్టింది సార్. చక్రాలు బిగించబోతా ఉంటే ఆగమనింది. బయట పెట్టిన బొట్టు వానకు పోతాదంట, లోపల పెడితే ఎప్పటికీ ఉంటాదంట."

"బిగించేముందు తుడవాలి కదప్పా! నీకు తెలీదా?"

"తెలీక గాదు సార్. గుడ్డ చేతిలోకి గూడా తీసుకున్నా." గొంతు తగ్గించాడు. "ఆమె కండ్లు మూసుకొని దండం పెడతా ఉండాది. పూజ చేసిన బొట్టు సార్. నేనెట్ల తుడిచేది? మా నాయన ఉండుంటే చెయ్యి ఇరగ్గొట్టుండు."

నాకు కోపం రావలసింది, రాలేదు. ఆ కుంకుమ నేనైతే ఆలోచించకుండా తుడిచేసి ఉందును. నాకు లేని పట్టింపు ఆయనకు ఉంది. "అక్కకు నేనే చెప్తా సార్, మీరు చెప్పొద్దు" అని బతిమాలాడు. సరేనన్నాను. లోపల నాకు పట్టరాని సంతోషం. ఊగింది బొట్టు వల్ల, నా చక్రాలు నిక్షేపం, గురువారం ప్రమాణం నల్లేరు మీద బండి.

ఆ సాయంత్రం ఇంట్లో అనపగింజలు పిదుకుతున్న మా ఆవిడకు ఈ కథంతా గొప్పగా చెప్పాను. ఆమె గిన్నెలోంచి తల ఎత్తకుండానే అడిగింది: "నా కండ్లతో సూసినా అని గదా ఆమె సెప్పమనింది. నువ్వు సూసినావా?"

"మా విభాగం చూసింది."

"వినాయకుడు నిన్ను గదా అడిగేది, విభాగాన్ని కాదు."

పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆ పూట ఆ గింజలతో వండిన పితికిపప్పు రుచి కూడా నాకు తెలియలేదు.

మరునాడు పొద్దున్నే నాలుగు చక్రాలతో ఎక్స్‌రే గదిలోకి వెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయి పాకాల నుంచి రైల్లో వచ్చేది. అమ్మాయి అంటున్నాను కానీ ఆమెకు అప్పటికే నలభై. ఆదివారాలు చర్చిలో పాడే పాటలు తెర ముందు సన్నగా కూనిరాగం తీస్తూ చక్రాలు చూసేది. ఆ కళ్ళను దాటి చీమ కూడా పోయేది కాదు. మొదటి చక్రం తిరిగింది, శుభ్రం. రెండోది శుభ్రం, మూడోది కూడా. నాలుగోది తిరుగుతుండగా కూనిరాగం ఆగింది. ఆమె చక్రాన్ని వెనక్కి తిప్పింది.

స్పోక్ వెళ్ళి రిమ్ముతో కలిసే చోట, అంటే బరువంతా పడే చోట, బియ్యపు గింజంత తెల్లటి మచ్చ ఉంది. దాని పక్కన నూకల్లాంటివి మూడు. గోడ మీది పటంతో పోల్చడం కూడా అనవసరం, అయినా పోల్చాం. హద్దు ఎప్పుడో దాటింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇది ఎట్లా దాటిపోయిందమ్మా? తెర ముందు కూర్చున్నప్పుడు ధ్యాస యాడ ఉంటాది? ఒక మనిషి ప్రాణం దీని మీద తిరుగుతుందని నేను ఎన్నిసార్లు చెప్పినాను?" అని మొదలుపెట్టి, ఆమెకు ఓ పది నిమిషాలు నీతులు చెప్పాను. బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె అంతా విని, అలమరలోంచి రిజిస్టరు తీసి, చక్రం నంబరు వెతికి, పేజీ నా వైపు తిప్పింది.

"ఆరోజు నేను సెలవు సార్. మా అన్న కొడుక్కి బాప్తిస్మం. మీరే కూర్చున్నారు."

చూసినవారు అన్న చోట నా సంతకం. ధ్రువీకరించినవారు అన్న చోట కూడా నా సంతకమే. గుమ్మడికాయల దొంగలాగా నా భుజాలు నేనే తడుముకున్నాను. ఆరోజు గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం రాగి సంగటి, వేరుశనగ పచ్చడి దండిగా తిన్నాను. రిటైరయ్యాక ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో మా బావమరిదితో ఫోనులో చాలాసేపు మాట్లాడాను. ఒక పక్క చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. చూడటమంటే కళ్ళు తెరిచి ఉండటం అనుకున్నాను.

"సార్, నేను ఎవురికీ చెప్పను" అంది ఆమె. నాలుగు తిట్టినా బాగుండేది. చాలా సిగ్గుపడ్డాను.

మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, తెలివైనవాడు. అంతా విని అన్నాడు: "కారు ఊగింది బొట్టు వల్ల. ఈ మచ్చ వల్ల కాదు. అవునా? ఆ నాలుగోది కొలిమిలో వేసెయ్. గోడౌన్లోంచి మంచిది ఒకటి తీసి, నీ కండ్లతోనే చూసి, దాని స్థానంలో పెట్టు. అప్పుడు నాలుగూ మంచివే, నాలుగూ నువ్వు చూసినవే. ధైర్యంగా ప్రమాణం చెయ్. ఇందులో అబద్ధం యాడుంది?"

వెతికి చూశాను. నిజంగానే అబద్ధం లేదు. అంత శుభ్రంగా ఉన్నందుకే నాకు భయం వేసింది. ఆరోజు నా ముందు తిరిగినవి ఈ నాలుగే కావు. మిగతావి గూడూరులోనో, సూళ్ళూరుపేటలోనో, ఎవరి కార్లకు ఉన్నాయో, ఎవరి పిల్లలు వెనక సీట్లో కూర్చుని పోతున్నారో. ఆ మాటే అన్నాను.

"వాటినన్నిటినీ వెనక్కి పిలిస్తే బెంగుళూరు ఆర్డరు పోతాది" అన్నాడు మేనేజరు. "మూడు నెలల్లో రిటైరవుతావు. పూలదండ వేయించుకొని పోవయ్యా, ఎందుకు నీకీ గోల!"

పూలదండ ఆశ నాకూ ఉంది. గురువారం దాకా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. బుధవారం రాత్రికి కూడా ఏం చేయబోతున్నానో నాకు తెలియదు. చక్రాన్ని కొలిమిలో మాత్రం వేయలేదు.

గురువారం పొద్దున తలకు పోసుకుని, తెల్లపంచె కట్టుకుని, ఫ్యాక్టరీ వ్యానులో ఆ నాలుగు చక్రాలూ వేసుకుని కాణిపాకం వెళ్ళాను. గుడి బయట కార్లు నిలిపే చోట డీలరు అప్పటికే వచ్చి ఉన్నాడు. అతని మొహం నా మొహానికి అద్దం పట్టినట్టుంది. ఎర్రకారు, డీలరు మళ్ళీ బిగించి ఇచ్చిన పాత చక్రాల మీద వచ్చి ఆగింది. ఆమె దిగి, చెప్పులు కారులోనే వదిలి, "పదప్పా" అంది.

నేను పది అడుగులు వేశాను. పదకొండోది పడలేదు.

"అమ్మా, లోపలికి పోయేముందు ఒక మాట. నాలుగూ మంచివి కావు. మూడే మంచివి."

వ్యాను తలుపు తీసి నాలుగోది చూపించాను. మచ్చ ఎక్కడుందో వేలు పెట్టి చెప్పాను. దాన్ని చూసి పంపింది నేనేనని, చూడాల్సిన పూట సరిగా చూడలేదని, ఆరోజు చూసినవి ఇంకా కొన్ని బయట తిరుగుతున్నాయని కూడా చెప్పేశాను. ఆమె వంగి, మెరిసే ఆ స్పోక్ మీద చెయ్యి వేసింది.

"ఇది ఇరిగిపోతాదా?"

"రేపే విరుగుతుందని చెప్పను. గుంతలో గట్టిగా పడినప్పుడో, ఘాట్ రోడ్డు మలుపులోనో... చెప్పలేనమ్మా. చెప్పలేని చక్రం కారుకు ఉండకూడదు."

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేదే గాదు గదా."

"తెలిసేది కాదు."

"కారు ఊగింది దీనివల్లేనా?"

నేను డీలరు వైపు చూశాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "కాదక్కా. దానికి కారణం నేను." పసుపు, కుంకుమ, అక్షింతలు, చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్న గుడ్డ, అంతా చెప్పాడు.

ఆమె కార్లు నిలిపే చోటంతా తిరిగి చూసేలా పకపకా నవ్వింది. "నా బొట్టేనా నా కారుని ఊపింది! తుడిసేయాల్సింది గదప్పా!"

"ఎట్ల తుడస్తానక్కా, నువ్వు దండం పెడతా ఉంటే!"

ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గుడి గోపురం వైపు ఒకసారి చూసి, మా ఇద్దరికీ మాత్రమే వినపడేలా అంది: "మీరిద్దురూ సెప్పినాక నేను దాసిపెడితే బాగుండదు. ఎనబై అన్నానే, ఎనబై గాదు. నూటనలబై."

"తెలుసక్కా" అన్నాడు డీలరు. "టైర్లు చూస్తే తెలీదా?"

ముగ్గురం గుడి దాకా వెళ్ళాం, మేమిద్దరం దర్శనం చేసుకుని వచ్చాం. డీలరు గడప బయట నిలబడి దండం పెట్టుకున్నాడు. ప్రమాణం ఎవరూ చేయలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆరోజు ఆ సామికి మా వల్ల పనేమీ పడలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడం సులువే, జరిగేటప్పుడు సులువుగా లేదు. బయటి మనిషికి చెప్పేశాక మేనేజరుకు ఒప్పుకోక తప్పలేదు, నేను తెర ముందు కూర్చున్న రోజు చక్రాలన్నిటినీ వెనక్కి తెప్పించాం. వాటిలో ఇంకో రెండు చెడ్డవి దొరికాయి. బెంగుళూరు ఆర్డరు ఆయన అన్నట్టే పోయింది, నెల రోజులు నాతో మాట్లాడలేదు. పాకాల అమ్మాయికి విభాగం అందరి ముందూ క్షమాపణ చెప్పాను. నా పది నిమిషాల నీతులకు అరనిమిషం క్షమాపణ చాలలేదనుకుంటాను. ఆమె మాత్రం నవ్వి, తెర ముందు కూర్చునే ముందు నా ఫోను ఇచ్చెయ్యమని చెయ్యి చాపింది. రిటైరయ్యే దాకా అలాగే ఇచ్చాను.

చిత్తూరు ఆమెకు కొత్తగా నాలుగు చక్రాలు నేనే ఏరాను. ఒక్కోదాన్నీ తెర మీద మూడుసార్లు తిప్పి చూశాను. నేను చూశాక పాకాల అమ్మాయి చూసింది. వాటిని వ్యానులో వేసుకుని డీలరు కొట్టుకు వెళ్ళాను. ఈసారి ఆయన హబ్బులు మెరిసేదాకా తుడిచాడు. ఆమె పసుపు గిన్నె పట్టుకుని పక్కనే ఓపిగ్గా నిలబడి, బిగించడం అయ్యాక బయట టైర్ల మీదే బొట్టు పెట్టింది.

"ఇప్పుడేం సేద్దామప్పా? మళ్ళా కాణిపాకం పోదామా?" అంది, నవ్వు దాచుకుంటూ.

"అక్కర్లేదమ్మా" అన్నాను. ఎర్రకారు రెండో తలుపు తీసి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా మడుచుకుని, ఆమె పక్క సీట్లో కూర్చున్నాను.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసింది. నవ్వలేదు. "బెల్టు బిగించుకో" అంది.

ఊరు దాటాక దారి ఖాళీగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు చక్రాలు చూశాను, అంత వేగంగా తిరిగే చక్రాల మీద ఎప్పుడూ కూర్చోలేదు. ముల్లు ఎనభై దాటింది, వంద దాటింది, నూటనలభై కూడా దాటింది. స్టీరింగు మీద ఆమె చేతులు తొట్టిలో నీళ్ళలా నిలకడగా ఉన్నాయి. చెట్లు, మైలురాళ్ళు ఒకటే గీతగా పోతున్నాయి. నేను సీటు అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమప్పా" అంది, కళ్ళు దారి మీదే ఉంచి. "యాడో ఒణుకుతా ఉండాదే!"

"ఒణికేది నేనమ్మా" అన్నాను. "చక్రాలు కావు."